మంచు విడిచేదాకా గడువు

యూనివర్సిటీలో రీసెర్చి సెక్షను అనే గది ఒకటుందని పీహెచ్‌డీలో చేరిన పిల్లలకు మొదటి మూడేళ్లూ తెలియదు. ఆ తర్వాత మా గుమ్మం అరగదీసేదీ వాళ్లే. గడువు పొడిగించమని దరఖాస్తులు పట్టుకొచ్చేవాళ్లు. వాటిని చదివి, రూలు చూసి, పై అధికారికి నోటు పెట్టడం సూపరింటెండెంటుగా నా పని. వెనకాల అందరూ నన్ను ‘గడువు మేడమ్’ అనేవారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత నా కోసమే పుట్టిందని ఒక కుర్రాడు వరండాలో అంటుంటే నా చెవిన పడింది. కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది.

ఎన్ని కారణాలు చదివానో! ఒకాయనకు నాలుగేళ్లలో ముగ్గురు అమ్మమ్మలు పోయారు. ఒకావిడ, థీసిస్ ఉన్న లాప్‌టాప్‌ను కోతి ఎత్తుకుపోయిందని రాసి, రుజువుగా కోతి ఫొటో జతపరిచింది. చాలావాటి మీద నేను ఒకటే మాట రాసేదాన్ని, ‘కారణం స్పష్టంగా లేదు’ అని. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత నాకే తగిలింది.

రిటైరయ్యాక కూడా సెక్షనులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని ఫైలు ఏది మేడమ్ అని అడుగుతుంటారు. కోతి ఫైలు చెప్పి నవ్వించి పంపేస్తాను. అసలు ఫైలు అది కాదు. దాని గురించి ఇన్నాళ్లూ నోరు విప్పకపోవడానికి ఒకటే కారణం, నాకు భయం.

అది జానపద విభాగం అమ్మాయి దరఖాస్తు. రాజవొమ్మంగి వైపు కొండల్లో పుట్టి, హాస్టళ్లలో చదివి, వాళ్ల ఊరి నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనిషి. అరకు పైన ఒక చిన్న ఊళ్లో, విత్తనాలు చల్లేటప్పుడు పాడే ఒక పొడుగాటి పాట మీద పరిశోధన చేస్తోంది. ఆ పాట మొత్తం తెలిసినది ఒక్క ముసలావిడకే. అమ్మాయి ఆవిడ చేత పాడించి చిన్న రికార్డరులో ఎక్కించుకుంది, మాట మాటా కాగితం మీద రాసుకుంది. అర్థాలు చెప్పించుకునే లోపల వానాకాలంలో ఆవిడ పోయింది.

ఇక అర్థాలు చెప్పగలిగినవాడు ఆవిడ భర్త. కానీ ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పోయినవాళ్ల పేరు మీద ఊరి చివర ఒక రాయి నిలబెడతారు, అదీ కొత్త చోడి గింజ, అంటే రాగులు, ఇంటికొచ్చాక. రాయి నిలబడేదాకా వాళ్ల మాటలు ఎవరూ పలకకూడదు, వినిపించకూడదు, రాయకూడదు. పలికితే పోయిన మనిషి తనను పిలిచారనుకుని వెనక్కి వచ్చేస్తుందట. అమ్మాయి ఊరికి మాట ఇచ్చింది. అందుకని ఆరు నెలల గడువు అడిగింది. అంతకుముందే ఒకసారి గడువు తీసుకుంది. ఈసారి ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల చదువు గోదాట్లో కలిసినట్టే.

కమిటీలో ఒక పెద్ద ప్రొఫెసరు కాగితం చదివి కళ్లజోడు తీసేశారు. “పాట ఉందో లేదో, ముసలమ్మ ఉందో లేదో! ఎవరైనా వెళ్లి రికార్డు విని, రుజువు చూసి రండి.”

ప్రొఫెసర్లెవరికీ తీరిక లేదు. నన్ను పంపారు.

బయల్దేరే ముందురోజు మా సెక్షను సీనియర్ అసిస్టెంటు, శ్రీకాకుళం వైపు మనిషి, నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఎల్తే ఎల్లండి గానీ మేడమ్, ఆ గొంతు మాత్రం ఇనకండి. సచ్చిపోయినోల్లని ఎందుకు కదపడం?”

“నువ్వు బతికున్నవాళ్ల ఫైళ్లే కదపవు, నీకెందుకయ్యా ఆ బెంగ?” అన్నాను. సెక్షనంతా నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు.

పొద్దున్న పాసింజరెక్కాను. సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి మింగి వదులుతున్నాయి. బొర్రా దాటాక కిటికీ బయట మంచు తప్ప ఏమీ లేదు. అరకులో అమ్మాయి ఎదురొచ్చింది. సన్నగా, పొందికగా, భుజానికి సంచి. జీపులో రోడ్డు ఉన్నంత దూరం వెళ్లాం. డ్రైవరు బండి ఆపి, “రెండున్నరకి తిప్పేత్తానమ్మా. మబ్బట్టీసింది, ఇయ్యాల మంచు ఇడవదు. బేగి వొచ్చీండి” అన్నాడు.

అక్కడి నుంచి కాఫీ తోటల్లో ఎక్కుడు. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు, అయినా అధికారిని కదా, బింకంగా ఎక్కాను. ఊరు చేరేసరికి ఒంటిగంటన్నర అయింది. ఇరవై ఇళ్లు ఉంటాయేమో, మంచులో నాకు నాలుగే కనిపించాయి. ముసలావిడ ఇంటి ముందు తాత కూర్చుని కొండచీపుర్లు కట్టుకుంటున్నాడు. నేను రెండుసార్లు గట్టిగా పలకరించాను. తలెత్తలేదు.

“తాతకి వినపడదు మేడమ్. చెవిలో అరవాలి” అంది అమ్మాయి.

అరుగు మీద చతికిలబడి కాగితాలు తీశాను. కాగితం మీది పాట చూశాను. దగ్గిన చోట ‘దగ్గు’ అని, ఆగిన చోట ‘మౌనం’ అని కూడా రాసుకుంది. ఇంత శ్రద్ధ నేను ప్రొఫెసర్లలో చూడలేదు. అంతటితో లేచి వచ్చేయాల్సింది.

“ఇక రికార్డు వినిపించమ్మా” అన్నాను.

అమ్మాయి మొహం మాడిపోయింది. “ఇక్కడ వొద్దు మేడమ్. జీపు దగ్గరికి ఎల్లాక, ఊరి పొలిమేర దాటాక ఇనిపిస్తాను.”

నిజానికి అడ్డేమీ లేదు. కానీ అక్కడ డ్రైవరుంటాడు, హారను కొడుతుంటాడు. పైగా అరుగు మీద కూర్చున్న మనిషిని, మళ్లీ నిలబడి వినడమెందుకనిపించింది. “తాతకి వినపడదన్నావు కదా. సౌండు తగ్గించి పెట్టు. రెండు నిమిషాలు వింటాను, అంతే” అన్నాను.

అమ్మాయి నా ఒడిలో ఉన్న ఫైలు వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఫైలు నా చేతిలో ఉంది కాబట్టి ఆ పిల్ల కాదనలేకపోయింది. నేను అడిగాననుకున్నాను గానీ, అది అడగడం కాదు. సంచిలోంచి రికార్డరు తీసి, చీర కొంగు కప్పి, మీట నొక్కింది.

సన్నని గొంతు, కొంచెం బొంగురు. ఒక్కొక్క గింజ పేరూ పిలుస్తూ, ఒక్కొక్కదానికీ ఏదో చెబుతున్నట్టు పాడుతోంది. ఎదురింటి ముందు చోళ్లు ఆరబోస్తున్న ఆడవాళ్లు చేతులాపారు. పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయారు, తలుపులు వేశారు. పాట ఆగింది. దగ్గు వినిపించింది. తర్వాత మౌనం. కాగితంలో ఉన్నట్టే ఉంది. చాలు అనుకుని, వాచీ చూసుకుని లేచాను.

“కూకో తల్లీ. మంచు ఇడిసినాక ఎల్దువు గాని.”

“ఫర్వాలేదండీ, జీపు వెళ్లిపోతుంది” అనేశాను. మర్యాద కొద్దీ, అలవాటు కొద్దీ. అనేశాక గానీ తట్టలేదు, ఆ మాట వచ్చింది కొంగు కింద నుంచని.

అమ్మాయి రికార్డరు ఆపేసింది. “ఆ మాట ఇందులో లేదు మేడమ్.”

“నువ్వు రాసుకోవడం మరిచిపోయి ఉంటావు.”

“ఇది ఎండాకాలంలో ఎక్కించాను మేడమ్. అప్పుడు మంచు లేదు.”

నా అరుపు వినిపించని తాత చీపురు కింద పెట్టాడు. మెల్లగా లేచాడు. ఇంట్లోకి వెళ్లి రెండు అడ్డాకు విస్తళ్లు తెచ్చి పక్కపక్కన వేశాడు. రెండింట్లోనూ వండిన సామలు పెట్టాడు. ఒకదాని ముందు తను కూర్చున్నాడు. రెండోదాని వైపు తిరిగి, “వొచ్చినావేటి? ఇంత ఆలీసమేటి?” అన్నాడు. చిన్నగా, దెప్పుతున్నట్టు, ఏ మొగుడైనా పెళ్లాన్ని అన్నట్టే అన్నాడు.

ఊరి పెద్ద వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. “ఎవులు పిలిసినారు?” అని మాత్రం అడిగాడు.

అమ్మాయి నోరు తెరవబోయింది. తన మీద వేసుకోబోతోందని అర్థమైంది. “నేనే. నేనే పెట్టమన్నాను” అన్నాను.

“అయితే పిలిసినోలే పంపాల. ఈ యేడు ఇంక రాయి నిలబెట్టినా నిలబడదు. మనిసి ఇంట్లో ఉండగా రాయేటి? వొచ్చే పంటకి గింజలొచ్చినాక కబురెడతాం. నువ్వొచ్చి, పొరపాటున పిలిసినానని సెప్పి పంపించాల.”

ఆరు నెలలు అడిగిన పిల్లకి ఏడాది కావలసొచ్చింది. జాప్యానికి కారణం నిజమా కాదా అని చూడ్డానికి వెళ్లినదాన్ని, నేనే ఇంకో కారణమై తిరిగొచ్చాను. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

నివేదిక రాయడానికి వారం పట్టింది. ముప్పై ఏళ్లు ఇతరుల కారణాలు కొట్టేసిన చెయ్యి, సొంత కారణం రాయడానికి లేవడం లేదు. చివరికి ఇలా రాశాను. ‘రికార్డు ఉన్నది. పాట ఉన్నది. పరిశోధకురాలు నిజాయితీపరురాలు. తనిఖీకి వెళ్లిన నేను గ్రామ కట్టుబాటును మీరడం వలన ఆరు నెలలకు బదులు ఒక సంవత్సరము గడువు అవసరమైనది. తప్పు నాది.’ వెనక్కి వచ్చిందన్న సంగతి రాయలేదు. దానికి నివేదిక ఫారంలో ఏ కాలమూ లేదు.

కమిటీలో ప్రొఫెసరు చదివి నవ్వారు. “ఏం మేడమ్, కొండెక్కి దిగేసరికి మీకూ గాలి సోకిందా?”

“గాలి సంగతి నాకు తెలియదు సార్. ఆ పిల్ల రిజిస్ట్రేషన్ రద్దు చేస్తే మాత్రం నా తప్పుకి ఆ పిల్లకి శిక్ష వేసినట్టవుతుంది” అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఏడాది ఇచ్చారు. ఇదే ఆఖరు, ఇక ఎట్టి పరిస్థితిలోనూ పొడిగించేది లేదని ఎర్ర సిరాతో రాశారు.

ఆ ఏడాదిలో అమ్మాయి రెండుమూడు సార్లు సెక్షనుకు వచ్చింది. తాత ఎలా ఉన్నాడని అడిగేదాన్ని.

“బాగున్నాడు మేడమ్. అదే భయం” అంది ఒకసారి. ఆవిడ పోయాక చిక్కి సగమైన మనిషి, ఇప్పుడు కండపట్టాడట. రోజూ రెండు విస్తళ్లు వేస్తాడట. పట్టపగలు ఆ ఇంట్లోంచి తిరగలి చప్పుడు వినిపిస్తోందని ఎదురింటివాళ్లు చెప్పారట. “తాతే విసురుకుంటున్నాడేమో అన్నాను మేడమ్. ఆ టయానికి తాత అవతలి కొండ మీద చేలో కనిపిస్తన్నాడంట.”

సీనియర్ అసిస్టెంటు విననట్టు ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఒక్క పేజీ కూడా తిరగలేదని నేను చూశాను.

చలికాలంలో కబురొచ్చింది. సెలవు పెట్టాను. కారణం అన్న చోట ‘అరకు ప్రాంతంలో ఒకరికి వీడ్కోలు చెప్పవలసి ఉన్నది’ అని రాశాను. రెండో రోజు ఆ కాగితం తిరిగొచ్చింది, దాని మీద ‘కారణం స్పష్టంగా లేదు’ అని ఉంది. రాసింది సెలవుల సెక్షనులో ఉన్న, నేను పని నేర్పిన కుర్రాడే. చెరపకురా చెడేవు అన్నారు గానీ ఇంత బేగి అవుతుందనుకోలేదు. రిటైర్మెంటు ఇంకా రెండు నెలలే ఉంది. జీతం కోసుకుంటే కోసుకోండని చెప్పి వెళ్లాను.

ముందురోజే అరకు చేరి, తెల్లారాక కొండెక్కాను. ఆ రోజూ మంచే. ఊరి చివర కాఫీ మొక్కల అంచున గొయ్యి తవ్వి, పక్కన నడుమెత్తు రాయి పడుకోబెట్టి ఉంచారు. ఊరంతా నిలబడి ఉంది. ఊరి పెద్ద నా దోసిట్లో కొత్త చోళ్లు పోశాడు. ఇవి రాయి మీద జల్లి, పొరపాటున పిలిచాను, నీ దారిన నువ్వెళ్లు అనాలి. అంతే పని. అది అయితే తాత అర్థాలు చెబుతాడు, అమ్మాయి రెండు నెలల్లో రాసి సమర్పిస్తుంది. అవకపోతే మళ్లీ ఇంకో పంట దాకా ఆగాలి, ఎర్ర సిరా అందుకు ఒప్పుకోదు.

అప్పుడు తాత నా దగ్గరికి వచ్చాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. చేతులు జోడించాడు.

“తల్లీ, నువ్వు గడువులిచ్చే అమ్మవంట గదా. గుంట సెప్పింది. గుంటకి ఇచ్చినావంట” అన్నాడు, అమ్మాయిని చూపిస్తూ.

నేను తలూపాను.

“మా ముసిల్దానికి కూడా ఇయ్యి. ఇంకో పంట దాకా. అది ఎవులికీ అడ్డం రాదు, ఇంట్లోనే ఉంటాది. నాకు కాయితం రాయడం రాదు, నోటితోనే అడుగుతన్నాను.”

పెద్ద నేల చూపులు చూస్తున్నాడు. నేను అమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లు. “నా కోసం సూడొద్దు మేడమ్” అంది. ఏడేళ్ల చదువు పణంగా పెట్టి ఆ మాట అంది.

నా సర్వీసులో అంత స్పష్టమైన కారణం ఏ దరఖాస్తులోనూ చదవలేదు. ఇవ్వాలనే ఉంది. ఇస్తే ఆ పిల్ల పోతుంది, పాట పోతుంది. ఇవ్వకపోతే ఈ ముసలాయన రేపు ఒక్క విస్తరే వేసుకుంటాడు. ఏడాదిగా అతనికున్న సంతోషం నా పొరపాటే. దాన్ని దిద్దడమంటే అతని నోటి దగ్గర కూడు లాగేయడమే. నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు, ఊరందరి ముందూ ఏడ్చాను.

“వీల్లేదు తాతా” అన్నాను, చెవి దగ్గరికి వంగి.

వెయ్యిసార్లు అన్న మాట. ఎప్పుడూ అంత బరువు లేదు.

తాత కోప్పడలేదు. “అంతేసి గడువుకి రూలొప్పదేమోలే” అన్నాడు. “పోనీ, ఈ మంచు ఇడిసేదాకా?”

నేను పెద్ద వైపు చూశాను. పెద్ద తల ఊపాడు. నేను ఆ ఇంటి వైపు తిరిగాను. తలుపు తెరిచే ఉంది, లోపల చీకటి. నా నోరు నా మాట వినకుండా తెరుచుకుంది.

“కూర్చో తల్లీ. మంచు విడిచాక వెళ్దువు గాని.”

ఆ మాట నేను ఎక్కడ విన్నానో గుర్తొచ్చి, దోసిట్లో గింజలు కొన్ని జారిపోయాయి. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. తాత మాత్రం నవ్వుకుంటూ ఇంట్లోకి వెళ్లాడు. మేమందరం తడిసిన గడ్డి మీద కూర్చున్నాం. లోపల తాత గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. మధ్యమధ్యలో ఆగేవాడు, ఎదుటి మనిషి చెప్పేది విన్నట్టు. నేను వాచీ చూసుకోలేదు.

మంచు పైనుంచి కిందికి విడిచింది. ముందు కొండ కొమ్ము కనిపించింది, తర్వాత సిల్వర్‌ఓక్ చెట్లు, తర్వాత ఇళ్లు. చివరగా గుమ్మం మీద ఎండ పడింది. తాత రెండు విస్తళ్లూ పట్టుకుని బయటికి వచ్చాడు. ఒక దాంట్లో సామలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రెండోది ఖాళీగా, శుభ్రంగా, మడిచి ఉంది.

“నాకు సయించలేదు తల్లీ” అన్నాడు తాత. “అది తినేసింది. ఎల్తానంటంది.”

గింజలు జల్లాను. చెప్పవలసిన మాట చెప్పాను. రాయి నిలబడింది.

తాత మాట తప్పలేదు, వారం రోజులు కూర్చుని గింజ గింజకీ అర్థం చెప్పాడట. అమ్మాయి గడువుకి నాలుగు రోజుల ముందు థీసిస్ సమర్పించింది. ఆ ఫైలు మూసి నేను రిటైరయ్యాను. చివరి రోజున ఆ పిల్ల రికార్డరు తెచ్చి, “ఆ మాట ఇంకా ఉందో లేదో విందామా మేడమ్?” అంది. వద్దన్నాను. ఇప్పుడామె పాడేరు దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతోంది. తాత మరుసటి వానాకాలంలో పోయాడు. పక్కనే ఇంకో రాయి నిలబెట్టారు, ఏ ఆలస్యమూ లేకుండా.

విశాఖలో మా ఇల్లు సముద్రం వైపు. ఎవరైనా వచ్చి, కాసేపు మాట్లాడి, ఇక వస్తామని లేస్తే, ఆపేలోపే నా నోటి నుంచి వచ్చేస్తుంది.

“కూర్చోండి. మంచు విడిచాక వెళ్దురు గాని.”

మొన్న రోహిణీ కార్తె ఎండలో కూడా అన్నానట. “ఇక్కడ మంచెక్కడిది అమ్మమ్మా?” అని నా మనవరాలు పడీ పడీ నవ్వింది.